బంతి నేర్పిన బడిపంతులు

హైదరాబాదు నగరములో గౌలిగూడ అనగానే పెద్దలకు జ్ఞాపకము వచ్చునది బస్సుల స్టేషను. విమానములు నిలుపుటకు తగిన ఇనుపరేకుల కమాను కట్టడము ఒకటి 1932 నుండి అక్కడ బస్సులకు నెలవై యుండి, 2018 జూలైలో ఒక ఉదయము కుప్పకూలినది. ఆ గౌలిగూడకు తూర్పున చాదర్‌ఘాట్, దాని కావల కాచిగూడ. వాయవ్యముగా నడచినచో ఆబిడ్స్, ఇంకను ముందునకు పోయినచో ఫతేమైదానము. తీరికగా నడచు మనిషికి ఒక పూటలో ముగియు ఈ కొద్దిపాటి ఆవరణములోనే సయ్యద్ అబ్దుల్ రహీం చదివినాడు, పాఠములు చెప్పినాడు, బంతి ఆడినాడు. భారతదేశపు ఫుట్‌బాల్ శిక్షకులలో ఆయనకు సాటి రాగలవాడు ఆయనకు ముందు లేడు, తరువాత పుట్టినాడని చెప్పుట కూడ కష్టమే.

రహీం పేరు తలచినప్పుడు అందరును రెండు బంగారు పతకములను లెక్కించెదరు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఒకటి, 1962లో జకార్తాలో రెండవది. ఆ రెండింటికి నడుమ మూడు ఒలింపిక్ క్రీడలు గడచినవి. మూడింటిలోను రహీం శిక్షణలో పోయిన భారత జట్టు ఓడియే తిరిగివచ్చినది. వానిలో 1960లో రోమునకు పోయిన జట్టు మన దేశము కూర్చగలిగిన జట్లలో మిక్కిలి ప్రతిభ గలది. దాని మీద పెట్టుకొన్న ఆశయు మిక్కిలి పెద్దది. ఫలితము పట్టికలో దాని స్థానము అట్టడుగు. గెలిచిన జట్టును చూచి శిక్షకుని మెచ్చుకొనుట సులభము. రహీం ఎట్టివాడో తెలియవలెనన్నచో ఓడిన జట్లను ఆయన ఏమి చేసినాడో చూడవలెను.

ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించినాడు. అంతకు ఏడాది తిరుగక ముందే, 1908 సెప్టెంబరులో, మూసీనది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. నదికి ఉత్తరపు గట్టున నున్న అఫ్జల్‌గంజ్ ప్రాంతమంతయు నీటి పాలైనది. వరద మిగిల్చిన శిథిలములను తొలగించుకొని మరల లేచుచున్న నగరములో రహీం బాల్యము గడిచినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసినది. ఒక భారతీయ భాషను బోధనాభాషగా గ్రహించిన తొలి విశ్వవిద్యాలయముగా ఉర్దూ మాధ్యమముతో అది పేరు పొందినది. నేడు మనము చూచు ఆర్ట్స్ కళాశాల రాతిమేడ అప్పటికి లేదు. అది 1939లో గాని ప్రారంభము కాలేదు. తొలి సంవత్సరములలో తరగతులు ఆబిడ్స్ దాపునగల గన్‌ఫౌండ్రీ వైపు అద్దె ఇండ్లలో జరిగెడివి. ఆ అద్దె ఇండ్ల కాలపు విద్యార్థులలో రహీం ఒకడు. 1920ల చివర ఆయన విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడినాడు. ఆ కాలేజీలో చదువుచున్నవారును, చదివి పోయినవారును కలిసి ఎలెవన్ హంటర్స్ అను పేరుతో ఆడిన జట్టులోను, తరువాత నగరములో పేరున్న కమర్ క్లబ్బులోను ఆయన ఉన్నాడు. ఆటగానిగా మంచివాడే గాని దేశమంతట మారుమ్రోగిన పేరు కాదు.

పట్టము పుచ్చుకొని బడిపంతులైనాడు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, మొదటి సాలార్‌జంగు స్థాపించిన దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇవి ఆయన పనిచేసిన పాఠశాలలు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి చివరి రెండు బడులలో ఆటల బాధ్యత వహించినాడు. మన బడులలో ఆటల మాస్టరుకు గల మర్యాద ఎంతటిదో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. లెక్కల పంతులుకు పాఠము మిగిలిపోయినచో అప్పు తీసికొనునది ఆటల పీరియడే. అట్టి పీరియడును ఒక శాస్త్రముగా భావించినవాడు రహీం.

1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘము ఏర్పడినప్పుడు అందులో ఆయన చేయి ఉన్నది. 1943లో దానికి కార్యదర్శియైనాడు. సికిందరాబాదు దండులోని తెల్లదొరల పటాలముల వలన ఇక్కడి పిల్లలకు అబ్బిన ఆట ఒకటి ఉండెడిది. బంతిని బలముగా దూరమునకు తన్నుట, దాని వెనుక పరుగెత్తుట. దేహబలము గల తెల్ల సైనికునికి అది తగినది. బక్కపలుచని మన బాలునికి తగిన ఆట వేరుగ నుండవలెనని రహీం తలచినాడు. బంతి నేల మీదనే పోవలెను. వచ్చిన బంతిని ఆపుకొని విన్యాసములు చూపక ఒకే తాకుడుతో సహచరునికి అందింపవలెను. మనిషి కంటె బంతి ఎక్కువ పరుగెత్తవలెను.

ఇది చెప్పినంత సులభము కాదు. బంతి కాలికి అందగానే నలుగురిని తప్పించుకొని పోవలెనని ప్రతి పిల్లవానికిని ఉబలాటమే. చూచువారును చప్పట్లు కొట్టెదరు. అందుచేత రహీం ఉపన్యాసములు మాని నియమములు మార్చినాడు. బంతిని కాలితో నడిపించుకొని పోరాదను నిబంధనతో బాలురకు పోటీలు పెట్టించినాడు. అట్టి పోటీలో బంతి అందినవాడు వెంటనే ఇంకొకనికి ఇచ్చి తీరవలెను. కనుక అందక ముందే ఎవరికి ఇయ్యవలెనో చూచుకొనుట అలవడును. మరియొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. మొదట నవ్వులాటగ నుండును. కొన్ని వారములైన పిదప పిల్లవానికి రెండు కాళ్లు వచ్చును. చూచివ్రాత మాన్పించుటకు చూచుటకు వీలులేని ప్రశ్న ఇచ్చు ఉపాధ్యాయుని యుక్తి వంటిదే ఇది.

1950 నాటికి హైదరాబాదు నగర పోలీసు జట్టు రహీం చేతిలోనికి వచ్చినది. అందులోని ఆటగాండ్రు ఎక్కువమంది పోలీసు కొలువులోని సామాన్య ఉద్యోగులు. ఆ కాలములో ఆటను నమ్ముకొని బ్రతుకు వీలు లేదు; పోలీసో, పటాలమో, రైల్వేయో కూడు పెట్టవలెను. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదు సంవత్సరములు గెలిచినది. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాను వంటి మేటి కలకత్తా జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పును తెచ్చినది. 1954లో దానిని మరల గెలిచినది. ఫుట్‌బాల్ అనగా కలకత్తా అను నమ్మకము పాతుకొనియున్న రోజులవి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ మొదలైన హైదరాబాదు యువకుల పేర్లు కలకత్తా మైదానములలో భయముతో కూడిన గౌరవముతో పలుకబడినవి.

దేశపు జట్టును తీర్చిదిద్దు పనియు ఆయనకే వచ్చినది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలలో, తుది ఆటలో ఇరానును ఒక గోలుతో ఓడించి భారతదేశము బంగారు పతకమును పొందినది. మేవాలాల్ చేసిన గోలది. దేశము ఉప్పొంగినది. మరుసటి సంవత్సరము జట్టు ఫిన్లండు రాజధాని హెల్సింకీకి ఒలింపిక్ క్రీడలకై పోయినది. అక్కడ యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఓడినది.

ఈ పది గోళ్ల ఓటమిని గూర్చి కొంత నిదానించి ఆలోచింపవలెను. మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకయే ఆడినారు. ఎండిన నేల మీద వట్టి కాలికి బంతి మాట వినును. చలిదేశపు తడిగడ్డి మీద కాలే జారిపోవును. ఎదుటివారును సామాన్యులు కారు. ఆ యుగోస్లావియాయే తరువాత సోవియట్ జట్టుతో ఐదుకు ఐదు గోళ్లుగ సమముగ నిలిచి, మరుసటి ఆటలో దానిని గెలిచి, చివరకు వెండి పతకము పొందినది. ఈ సమాధానములతో తృప్తిపడి యుండవచ్చును. రహీం తృప్తిపడలేదు. అఖిలభారత ఫుట్‌బాల్ సంఘము బూట్లు తప్పనిసరి చేసినది. రహీం బూట్లతో ఆగక ఆట అమరికనే మార్చుటకు పూనినాడు. అదే హెల్సింకీలో బంగారము గెలిచిన హంగేరీ దేశము వారు నడిమి ఆటగానిని ముందు వరుసనుండి వెనుకకు దించి, ఎదుటి రక్షకులకు కాపు కాయుటకు మనిషి దొరకకుండ చేసి ప్రపంచమును విస్మయపరచుచుండిరి. ఆ పద్ధతులను రహీం శ్రద్ధగ పరిశీలించి మన కుర్రవాండ్ర శక్తికి తగినట్లు మార్చుకొన్నాడు. రక్షణలో నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నుండు వ్యూహము 1958లో బ్రెజిలు ప్రపంచ కప్పును గెలిచిన పిమ్మట లోకప్రసిద్ధమైనది. దాని పోలికలు అంతకు ముందే రహీం జట్లలో కనిపించినవని ఆట తెలిసినవారి అభిప్రాయము.

నాలుగేండ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం మొదలుగా హైదరాబాదు మైదానములలో పెరిగినవారు పలువురు ఆ జట్టులో ఉన్నారు. ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే నాలుగింటికి రెండుగ ఓడించినారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసినాడు. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీ ఫైనలు చేరిన తొలి ఆసియా దేశము మనదే. సెమీ ఫైనలులో ఎదురైనది మరల యుగోస్లావియా. 52వ నిమిషమున డిసౌజా గోలు చేసి భారతదేశమును ముందు నిలిపినాడు. పదింటితో ఓడించినవారి మీద మన జట్టు ఆధిక్యములో నున్న ఆ రెండు నిమిషములను ఊహించి చూడుడు. తరువాత పదమూడు నిమిషములలోగా వారు మూడు గోళ్లు చేసినారు. నాలుగింటికి ఒకటిగ ఆట ముగిసినది. కంచు పతకపు ఆటలో బల్గేరియా మూడు గోళ్లతో గెలువగా మన జట్టు నాల్గవ స్థానముతో తిరిగివచ్చినది.

నాల్గవ స్థానము ఆశను పెంచినది. ఆ ఆశ బరువును మోసినది రోము జట్టు.

ఆ జట్టులో ఎవరెవరున్నారో చూడుడు. నాయకుడు ప్రదీప్ కుమార్ బెనర్జీ. కుడివైపున ఆయన పరుగు, నడుమ చునీ గోస్వామి నేర్పు, ఎడమవైపున తులసీదాస్ బలరాం – ఈ ముగ్గురును ఒకే వరుసలో దొరకుట దేశమునకు మరల సంభవింపలేదు. వెనుక జర్నెయిల్ సింగు కోటగోడ వలె నిలుచును. గోలు వద్ద ఆజానుబాహుడైన పీటర్ తంగరాజు. హైదరాబాదునుండి యూసఫ్ ఖాను. రహీం కుమారుడు హకీం కూడ ఆ బృందములో ఒకడు.

బలరామును గూర్చి కొంత చెప్పవలెను. ఆయన 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబములో పుట్టినాడు. రహీం కంట పడిన నాటికి ఊరినుండి మైదానమునకు వచ్చుటకు బస్సు చార్జీలు కూడ లేవు. రహీం ఆయనకు సైకిలు ఏర్పాటు చేసినాడు. పిల్లవాడు బడికి ఎందుకు రాలేదని విచారించి, చొక్కా లేకనో, పుస్తకము లేకనో అని తెలిసికొని దానిని సమకూర్చిన ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు. ఆ సైకిలు మీద వచ్చిన పిల్లవాడు రోములో చేసిన పని ముందు తెలియును.

రోము ఒలింపిక్ నిబంధనల ప్రకారము పదునారు జట్లను నాలుగు గుంపులుగ విభజించినారు. ప్రతి గుంపులోను మొదటి స్థానము వచ్చిన ఒక్క జట్టే సెమీ ఫైనలుకు పోవును. రెండవ స్థానమునకు ఏమియు లేదు. భారతదేశము పడిన గుంపులో హంగేరీ, ఫ్రాన్సు, పెరూ ఉన్నవి.

మొదటి ఆట ఆగస్టు 26న లాక్విలా పట్టణములో హంగేరీతో. ఫ్లోరియన్ ఆల్బర్ట్ అను యువకుడు ఆ జట్టులో ఉన్నాడు. 1967లో యూరపు ఖండమంతటిలోను ఉత్తమ ఆటగానిగ ఎన్నికైనది ఆయనయే. హంగేరీ రెండు గోళ్లు చేసినది. బలరాం ఒకటి తిప్పికొట్టినాడు. రెండింటికి ఒకటిగ ఓటమి.

రెండవది ఆగస్టు 29న గ్రొసేటోలో ఫ్రాన్సుతో. 71వ నిమిషమున బెనర్జీ గోలు చేసినాడు. ఇంక పందొమ్మిది నిమిషములు నిలుపుకొనవలెను. పదునొకండు నిమిషములు నిలిపినారు. 82వ నిమిషమున ఫ్రాన్సు గోలు చేసి సమము చేసినది. ఒలింపిక్ క్రీడలలో ఐరోపా దేశపు జట్టు మీద గెలుపు అను మాట ఎనిమిది నిమిషముల దూరమునుండి జారిపోయినది.

మూడవది సెప్టెంబరు 1న పెస్కారాలో పెరూతో. ఈ ఆట గెలువగలదని అందరును తలచినది. ముందే ఆశ సడలిపోయిన జట్టు మూడింటికి ఒకటిగ ఓడినది. ఆ ఒక్క గోలును బలరామే చేసినాడు.

మూడు ఆటలు, ఒక్క పాయింటు, గుంపులో చివరి స్థానము. పట్టిక ఇంతకంటె ఏమియు చెప్పదు. మార్కుల జాబితా చూచి విద్యార్థిని తూచువానికి ఇది చాలును. జవాబు పత్రము తీసి చూచువానికి చాలదు. అదే హంగేరీ ఫ్రాన్సు మీద ఏడు గోళ్లు, పెరూ మీద ఆరు గోళ్లు చేసినది. భారతదేశము మీద రెండే చేయగలిగినది. చివరకు కంచు పతకము పొందినది. ఇంతటి జట్టును అంతగ నిలువరించినవారు పెరూతో ఏల ఓడవలెను? ఫ్రాన్సు మీద ఆధిక్యమును చివరి నిమిషములలో ఏల విడువవలెను?

కారణములు ఆట రంగము లోపల కంటె బయటనే ఎక్కువ ఉన్నవి. అప్పటి మన దేశపు పోటీలలో ఆట తొంబది నిమిషములకంటె తక్కువ కాలమే సాగెడిది. సంవత్సరమంతయు తక్కువ దూరము పరుగెత్తినవాడు పరీక్ష దినమున ఎక్కువ దూరము పరుగెత్తవలసి వచ్చినచో చివరి భాగములో కాళ్లు బరువెక్కుట సహజము. మెల్‌బోర్నులోను, గ్రొసేటోలోను సంపాదించిన ఆధిక్యము రెండవ సగములోనే పోయినది. పైగా విదేశపు జట్లతో ఆడు అవకాశము మనవారికి ఏడాదికి ఏ కొన్నియో. కలకత్తా క్లబ్బులు ఆటగాండ్రను విడుచుటకు ఎల్లప్పుడును జంకెడివి. ఆట నడుమ అలసినవానిని మార్చి వేరొకనిని దింపుటకు ఆనాటి నియమములు ఒప్పవు. వీనిలో ఏ ఒక్కటియు రహీం చేతిలో లేదు. ప్రతిభ ఎంత ఉన్నను దానికి ఏడాది పొడుగున తిండి పెట్టు ఏర్పాటు లేనప్పుడు, శిక్షణ శిబిరపు కొన్ని వారములు దానిని ఎంతవరకు మోయగలవు?

ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే – ఆ జట్టును విడువకుండుట. ఓడిన జట్టును చెరిపివేసి క్రొత్తవారిని తెచ్చుట అధికారులకు ప్రీతికరమైన పని. పని చేసినట్లు కనిపించును. రహీం అట్లు చేయలేదు. 1962 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడలకు పోయినప్పుడు తంగరాజు, జర్నెయిల్ సింగు, అరుణ్ ఘోష్, యూసఫ్ ఖాను, రాం బహదూరు, బెనర్జీ, బలరాం ఉన్నారు. చునీ గోస్వామి నాయకుడైనాడు. రోములో ఓడిన జట్టు వెన్నెముక ఇది.

అప్పటికి రహీం ఊపిరితిత్తులను క్యాన్సరు తొలుచుచున్నది.

జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా రెండు గోళ్లతో ఓడించినది. రోము కథయే మరల మొదలైనట్లు కనిపించినది. తరువాత థాయిలాండును నాలుగింటికి ఒకటిగ, జపానును రెండు గోళ్లతో గెలిచినారు. ఆ నడుమ జర్నెయిల్ సింగు తల పగిలి కుట్లు పడినవి. రక్షణలో గాలిలోని బంతిని తలతో కొట్టి ఆపవలసినవాడు తల కట్టుకొని యున్నాడు. రహీం ఆయనను కూర్చుండబెట్టలేదు. వెనుకనుండి తీసి ముందు వరుసలో నిలిపినాడు. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాము మీద జర్నెయిల్ గోలు చేసినాడు. మూడింటికి రెండుగ గెలుపు.

బయట పరిస్థితి వేరుగ నున్నది. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వము ప్రవేశము నిరాకరింపగా భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరము చెప్పినాడు. అక్కడి ప్రజలు కోపించి భారత రాయబార కార్యాలయము మీదికి పోయినారు. సెప్టెంబరు 4వ తేదీన తుది ఆటకు సుమారు లక్షమంది చేరిన సేనయాన్ మైదానములో మన జాతీయగీతము కూడ కేకలలో మునిగిపోయినది. ఎదుట నున్నది మొదటి ఆటలో ఓడించిన దక్షిణ కొరియాయే. 17వ నిమిషమున బెనర్జీ, 20వ నిమిషమున కుట్లు ఆరని జర్నెయిల్ గోళ్లు చేసినారు. ముగియుటకు ఐదు నిమిషముల ముందు కొరియా ఒకటి తిరిగి ఇచ్చినది. గ్రొసేటోలో జారిపోయిన నిమిషములవంటివే మరల వచ్చినవి. ఈసారి జారలేదు. రెండింటికి ఒకటిగ ఆట ముగిసినది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11వ తేదీన, రహీం మరణించినాడు. వయస్సు ఏబదినాలుగు కూడ నిండలేదు.

ఆయన పెంచినవారి బలముతో 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినది. అంతకు ముందు హైదరాబాదు పేరుతో 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగ రెండుమార్లు గెలిచియున్నది. 1970 ఆసియా క్రీడలలో కంచు పతకము తెచ్చిన భారత జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీనును హైదరాబాదువాడే. ఆ పిదప నగరపు ఫుట్‌బాల్ క్రమముగ వెనుకబడినది. బాలుర పోటీలు సన్నగిల్లినవి; మైదానములలో వికెట్లు వెలసినవి. ఇది క్రికెట్టు తప్పు కాదు. బలహీనమైన కాలితో ఆడవలెనని పిల్లలకు పోటీ పెట్టు పంతులు లేకపోయినాడు.

భారతదేశము ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆడుట 1960తోనే ఆగిపోయినది. చివరగ ఆడినది, అట్టడుగున నిలిచినదని అందరును పెదవి విరిచిన ఆ రోము జట్టే. బలరామునకు ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేయుటచే ఇరువదియేడేండ్లకే ఆట మానవలసి వచ్చినది. బెనర్జీ, గోస్వామి 2020లో ఒకరి వెనుక ఒకరు పోయినారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తా నగరములో కన్నుమూసినాడు. ఆ మరుసటి ఏడు ఏప్రిలులో రహీం జీవితము హిందీ చలనచిత్రముగ దేశమంతట తెరమీదికి వచ్చినది.